పైకి మెరుగు, లోపల తుప్పు

పాత కారును ముచ్చటపడి కొనువారు మొట్టమొదట చూచునది దాని రంగు. పిదప బంపరు మీది మెరుగు, సీట్ల కుట్టుపని, హారను మ్రోత. డిక్కీ క్రింద చీకటిలో అమరియున్న పెట్రోలు టాంకి మూత తీసి, టార్చిదీపము పట్టి లోనికి తొంగిచూచువారు అరుదు. ఆ బండి నాలుగు మైళ్ళు నడచునా, నడిమిదారిలో నిలుచునా అను ప్రశ్నకు సమాధానము మాత్రము చాలమారు ఆ చీకటిలోనే దాగియుండును.

ఆర్మూరు పసుపునకు పేరుపడిన ఊరు. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాల వైపు సాగు రహదారియు ఇచ్చటనే కలిసికొనును. ఇట్టి కూడలిలో బండ్లకు ఏనాడును కొదవ లేదు. ఒకప్పుడు అడ్తిదారుల ఇండ్లముందు, వైద్యుల వాకిళ్ళలో దర్జాగా నిలిచిన అంబాసిడర్లు, ఫియట్లు నేడు రేకుల షెడ్లలో, గోనెసంచుల ప్రక్కన, పట్టా కప్పుకొని కాలము గడపుట ఇట్టి మార్కెట్టు ఊళ్ళలో వింత కాదు. అంబాసిడరనగా ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండికి మన దేశములో ఏర్పడిన రూపము. 1950ల చివరినుండి వంగదేశములోని ఉత్తరపారా కర్మాగారములో తయారగుచు వచ్చి 2014లో నిలిచిపోయినది. ఇక క్రొత్త అంబాసిడరు పుట్టదు. ఉన్నవానిని కాపాడుకొనుటయే మిగిలిన పని.

అట్టి బండి నొకదానిని మనసులో నిలుపుకొందము. తండ్రి కొనినది. ఆయన పోయిన తరువాత పదేండ్లు కదలలేదు. దుబాయినుండి తిరిగివచ్చిన కొడుకు దానిని మరల రోడ్డెక్కింపదలచినాడు. రంగు వేయించినాడు, సీట్లు కుట్టించినాడు, క్రొత్త బాటరీ పెట్టించినాడు. ఇంజను చక్కగా పలికినది. ఇంటిల్లిపాదియు ఎక్కి బయలుదేరిరి. పెర్కిట్ దాటిన కొంతసేపటికే బండి రెండుమార్లు దగ్గి, కుదిపి, ఆగిపోయినది. పది నిమిషములు ఊరకుండి మీట నొక్కగా మరల పలికినది. రెండు మైళ్ళు పోగానే మరల దగ్గు. మెకానిక్కు కార్బ్యురేటరు విప్పి చూడగా గిన్నె అడుగున ఎఱ్ఱని బురద. దానిని కడిగి బిగించినాడు. మరునాడు మరల అదే కథ. “టాంకి అంత జంగు పట్టింది సేట్, కొత్తది ఏసుకోవాలె” అని అతడు చేతులు తుడుచుకొనును. కొత్త టాంకి ఎచ్చట దొరకునో అతడును చెప్పలేడు.

ఈ ఆగుట, మరల పలుకుట అను వింతకు కారణము సులభము. టాంకిలో పెట్రోలును పీల్చు గొట్టము మొదట సన్నని జల్లెడ యొకటి యుండును. ఇంజను నడచునంతసేపు ఆ పీల్పునకు తుప్పు పొరలు వచ్చి జల్లెడను కప్పివేయును. ఇంజను ఆగగానే పీల్పు తగ్గి అవి అడుగునకు రాలిపోవును, త్రోవ తెరచుకొనును. నడచినప్పుడు ఆయాసపడి, కూర్చున్నప్పుడు తేరుకొను రోగివంటి దీ బండి. జల్లెడను దాటిపోయిన మెత్తని పొడి కార్బ్యురేటరును చేరి, వెండ్రుకవాసి రంధ్రములను మూయును. గిన్నెలోనికి వచ్చు పెట్రోలును అదుపుచేయు సూదిమూత నడుమ నలుసు చిక్కినచో మూత మూసుకొనదు. పెట్రోలు పొంగి వేడి ఇంజనుపై కారును. అప్పుడది బండి ఆగుటతో తీరు బాధ కాదు, నిప్పుతో ముడిపడిన అపాయము.

కోస్తావారు ఈ ఎఱ్ఱబురదను తుప్పు అందురు; ప్రాచీనులు త్రుప్పు అని వ్రాసిరి. రాగికిని ఇత్తడికిని పట్టు పచ్చనిదానిని చిలుము, కిలుము అనుట వాడుక. తెలంగాణమున ఇనుమునకు పట్టినదానిని గూడ చిలుమనుట కలదు. కార్ఖానాలలో ఉర్దూనుండి వచ్చిన జంగు అను మాట వినబడును. నిఘంటువును చేతపట్టుకొని ఏది సరియని తగవులాడుట వృథా. ఒక్క దోషమునకు ఇన్ని పేర్లున్నవనగా ఆ సీమవారు ఇనుముతో ఎంత సహవాసము చేసిరో తెలియుచున్నది. చేయకుండుట యెట్లు? ఆర్మూరునకు తూర్పుగా, పేరులోనే కమ్మరిని నిలుపుకొన్న కమ్మర్‌పల్లి ప్రాంతములో కోనసముద్రమను గ్రామము కలదు. మూసలలో కరిగించిన అక్కడి ఉక్కుముద్దలకై పారశీక దేశమునుండి వర్తకులు వచ్చెడివారు. హెన్రీ వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వివరణము ఆయన మరణానంతరము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అట్టి ఉక్కు పుట్టిన సీమలో నేడొక రేకుటాంకి తుప్పును వదలించుటకు తెలిసినవాడు దొరకకుండుట చిన్నతనమే. అన్నట్లు, ఇనుపకిట్టమునుండి చేయు మండూరభస్మమును మన వైద్యులు పాండురోగమున కిచ్చుచు వచ్చిరి. మనుష్యుని రక్తమునకు మందైన వస్తువు మోటారు నరములలో మాత్రము విషమే.

తుప్పు పుట్టుక తెలియనివారు మన బడిపిల్లలలో ఉండరు. మూడు పరీక్షనాళికలలో మూడు మేకులు వేయు ప్రయోగమును పాఠ్యపుస్తకములు నేర్పుచున్నవి. నీరు, గాలి రెండును ఉన్న నాళికలోని మేకు తుప్పుపట్టును. కాచి చల్లార్చిన నీటిపై నూనెపొర నిలిపిన నాళికలో పట్టదు. తేమను పీల్చివేసిన పొడిగాలిలోను పట్టదు. విద్యార్థి ఈ పట్టికను గీసి, మార్కులు తెచ్చుకొని, మరచిపోవును. షెడ్డులోని కారు టాంకియే ఆ మొదటి నాళిక యని అతనికి చెప్పువారు లేరు. పెట్రోలే నూనె వంటిది కదా, అందులో నీరెక్కడిదని అతడడుగవచ్చును. అడిగిన పిల్లవాడు తెలివైనవాడే. జవాబు టాంకిలోని ఖాళీజాగాలో కలదు. సగము నిండిన టాంకిలో తక్కిన సగము గాలి. పగటి యెండకు ఆ గాలి వ్యాకోచించి వెలికి పోవును. రాత్రి చల్లదనమునకు సంకోచించి వెలుపలి గాలిని లోనికి లాగుకొనును. టాంకి ఊపిరి పీల్చి విడుచుచున్నదన్నమాట. శ్రావణ భాద్రపదములలో ఆ ఊపిరితో తేమయు లోనికి వచ్చి, చల్లబడిన రేకుపై చెమటవలె పట్టి, బొట్టుబొట్టుగా క్రిందికి జారును. పెట్రోలుకంటె నీరు బరువైనది గనుక అట్టడుగున చేరి నిలుచును. ఇట్టి రాత్రులు పదేండ్లలో ఎన్ని గడచునో లెక్కించుకొనవచ్చును.

నిండుకుండ తొణకదని పెద్దలన్నది మనుష్యులను గురించి. బండి టాంకికి గూడ ఆ మాట చక్కగా అతుకును. అంచువరకు నింపిన టాంకిలో గాలికి చోటు లేదు, ఊపిరి లేదు, చెమట లేదు. కొన్ని వారములపాటు బండిని నిలుపవలసినవాడు దానిని నిండుగా నింపి నిలుపవలెను. ఏండ్ల తరబడి నిలుపవలసినవాడు పూర్తిగా ఖాళీచేసి, ఆరబెట్టి, లోపల పలుచగా నూనె పట్టించి, మూసి నిలుపవలెను. ఏలనన పెట్రోలును ముసలిదగును. నెలలు గడచినకొలది దాని తేలిక భాగము ఎగిరిపోయి, మిగిలినది జిగురై, పుల్లబారి, వార్నీషు వాసన కొట్టును. అటు నిండుదనమో, ఇటు పొడిదనమో కావలెను. సగము సగముగా వదలివేయుటయే చెడుపు.

ఇప్పుడు దీనికి మరియొక చిక్కు తోడైనది. పెట్రోలులో ఇథనాలు కలుపుట మన దేశములో క్రొత్త యోచన కాదు. 1948లోనే పవర్ ఆల్కహాలు చట్టము వచ్చినది. 2023 ఫిబ్రవరిలో నూటికి 20 పాళ్ళ ఇథనాలు గల పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి దేశమంతట అది సాధారణమైనది. రైతునకు, విదేశీ మారకద్రవ్యమునకు దానివలన మేలు కలదందురు. ఆ చర్చ వేరు. పాత బండి మాట వేరు. ఇథనాలునకు నీటిపై మక్కువ యెక్కువ. గాలిలోని తేమను తనలోనికి లాగుకొనును. కొంతవరకు దానిని కలుపుకొని ఇంజనుకు పంపివేయును గనుక, నిత్యము తిరుగు బండికి దీనివలన బాధ కొంచెమే. నిలిచిన బండిలో నీరు మితిమీరగానే ఇథనాలు పెట్రోలును విడిచి, నీటితో చేతులు కలిపి, రెండును అడుగునకు దిగి వేరు పొరగా ఏర్పడును. ఆ పొర రేకును తినును. పైగా ఇథనాలు ఏండ్లనాటి జిగురును కరగించి, దాని క్రింద అణగియున్న తుప్పును విడిపించి, ఒక్కుమ్మడిగా గొట్టములలోనికి తోలును. పాతకాలపు రబ్బరు గొట్టములును దీనికి ఉబ్బి పగులును. అంబాసిడరును గీచినవాడు ఈ ఇంధనమును ఊహింపలేదు. క్రొత్త ఇంధనమును తెచ్చినవారు అంబాసిడరును తలపలేదు.

ఇందులో ఒక వింత కలదు. దేశములో ఇథనాలు పుట్టుచోట్లలో చెరకుమడ్డి యొకటి. మొలాసిస్ అని ఇంగ్లీషులో దానికి పేరు. 1937లో నెలకొని, 2015 చివర మూతపడిన బోధను నిజాం చక్కెర కర్మాగారము పుణ్యమా యని నిజామాబాదు జిల్లావారికి మడ్డి వాసన తరతరములుగా తెలిసినదే. మడ్డిని పులియబెట్టి బట్టీపట్టిన ఇథనాలు టాంకికి తుప్పు తెచ్చుచుండగా, అదే మడ్డి నీళ్ళలో కలిపినచో తుప్పును వదలించును! పాత యంత్రములను బాగుచేయువారు దేశదేశములలో ఎఱిగిన పద్ధతి యిది. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళ నీరు చేర్చి, తుప్పుపట్టిన ఇనుమును ముంచి, రెండు మూడు వారములు ఓర్చుకొనవలెను. మడ్డిలోని పదార్థములు తుప్పులోని ఇనుమును పట్టి లాగివేయును. క్రింది మంచి ఇనుమును దాదాపుగా ముట్టవు. అల్యూమినియమును, జింకుపూతను మాత్రము తినును గనుక అట్టి భాగములు దూరముగా ఉంచవలెను. వాసన భరింపరానిది. ఇరుగుపొరుగుల అనుమతి అవసరమగును.

ఇంత ఓపిక నేటివారి కేది? కార్ఖానాలలో జరుగు చికిత్సలు వేరు. టాంకిని ముట్టకయే, ఇంజను ప్రక్కన ప్లాస్టిక్ డబ్బా కట్టి, దానిలో పెట్రోలు పోసి, రబ్బరు గొట్టముతో కలుపుట ఒకటి. వేడి ఇంజను దాపున పెట్రోలు డబ్బా! దీపావళికి టపాసు చేతిలో పట్టుకొని ముట్టించువాడును ఇంత సాహసము చేయడు. రెండవది మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును టాంకిలో పోయుట. ఉదహరికామ్లము తుప్పును గంటలలో తినివేయును, నిజమే. మంచి ఇనుమును, అతుకుల వద్ద ఉన్న టంకమును గూడ తినును. కడిగి తీసిన నగ్నమైన రేకు తడి యారకముందే, కన్నుల యెదుటనే, మరల నారింజరంగు తిరుగును. ఉన్న రోగము పోయి క్రొత్త రోగము వచ్చును. రేకు మాత్రము పలుచబడును.

మూడవది లోపల పూత పోయుట. విమర్శింపదగినది ముఖ్యముగా దీనినే, ఏలనన ఇది చూచుటకు శాస్త్రీయముగా కనబడును. సీసాలో దొరకు పూతమందును టాంకిలో పోసి గిరగిర త్రిప్పినచో తళతళలాడు పొర ఏర్పడును. యజమాని టార్చి వేసి చూచి సంతసించును. నిష్కల్మషముగా కడిగి, పూర్తిగా ఆరిన రేకుపై, ఇథనాలును తాళగల పూత పోసినచో అది కొన్నేండ్లు మన్నును. కాని అంత కడిగినవానికి పూతతో అవసరము తక్కువ. పూతను ఆశ్రయించువాడు సాధారణముగా కడుగనొల్లనివాడే. తుప్పుపైన పోసిన పూత క్రింద తుప్పు పెరుగుచునే యుండును. ఒకనాడు పొర బెల్లుగా లేచి, చీలికలై, పీల్పు గొట్టమును ప్లాస్టిక్ కాగితమువలె కప్పును. అప్పుడు దానిని ఊడదీయుట తుప్పును తీయుటకు పదింతల కష్టము. చాలమంది పాత బండ్ల యజమానులు ఈ పూతనే బాగుచేత యనుకొనుచున్నారు. అది బాగుచేత కాదు, కప్పిపుచ్చుట.

నాల్గవదాని మాట పరిహాసముగా చెప్పరానిది. టాంకికి చిల్లి పడినదని వెల్డింగు కొట్టునకు తీసికొనిపోవుట. “ఖాళీ టాంకియే కదా” అని ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును అనుకొందురు. నిండు టాంకికంటె ఖాళీ టాంకియే భయంకరము. మండునది పెట్రోలు ద్రవము కాదు, దాని ఆవిరి. గాలిలో నూటికి ఇంచుమించు ఒకటిన్నరనుండి ఏడున్నర పాళ్ళ ఆవిరి చాలును. ఒక్క నిప్పురవ్వకు టాంకి బాంబగును. ఎన్నో నెలల క్రిందట ఖాళీచేసిన టాంకి తుప్పు పొరలలోను ఆవిరి దాగియుండి, వేడి తగులగానే వెలికి వచ్చును. ఈ పని చేయుచు ప్రాణములు పోగొట్టుకొన్న వెల్డింగు పనివారి వార్తలు పత్రికలలో ఒక మూల రెండు పంక్తులుగా వచ్చుచుండును. యజమాని పిసినారితనమునకో, తొందరకో పనివాని ప్రాణము వెల కారాదు. పదవ తరగతి రసాయనశాస్త్రపు గంటలో ఈ ఒక్క విషయము చెప్పినచో, ఆ తరగతినుండి ఐ.టి.ఐ.కి, అటనుండి కార్ఖానాకు పోవు పిల్లవాడు దానిని ఎన్నడును మరువడు.

మరి సరియైన మార్గమేది? అది ఆర్మూరు రైతు చేతిలోనే కలదు. పసుపుకొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, పిదప పాలిషు డ్రమ్ములో వేసి త్రిప్పుదురు. కొమ్ము కొమ్ముతో రాచుకొని, డ్రమ్ము గోడకు తగిలి, గరుకైన పైపొర, వేళ్ళ పీచు రాలి, లోపలి వన్నె బయటపడును. టాంకికి కావలసినదియు ఆ పనియే. బండి చల్లారినప్పుడు, బాటరీ తీగ విప్పి, ఆరుబయట, నిప్పు మాట లేనిచోట మిగిలిన పెట్రోలును దించవలెను. ఆ పెట్రోలును మోరిలో పారబోయరాదు. టాంకిని విప్పి, మట్టము తెలుపు ఫ్లోటును తీసివేసి, సబ్బు కలిపిన వేడినీటితో వాసన పోవువరకు పలుమార్లు కడుగవలెను. అటుపై గజము పొడవు సన్నని ఇనుపగొలుసు లోపల వేసి, కొద్దిగా నీరు పోసి, రంధ్రములు మూసి, దుప్పటిలో చుట్టి, పసుపు డ్రమ్ము వలెనే నెమ్మదిగా అన్ని వైపులకు త్రిప్పవలెను. గొలుసును లెక్కించి వేయనక్కరలేదు. గులకరాళ్ళో, నట్లో వేసినచో మాత్రము లెక్కించి వేసి లెక్కించి తీయవలెను, లేనిచో ఒకటి లోననే నిలిచి జీవితకాలము గలగలలాడును. పెద్ద పొరలు ఇట్లు రాలును. అంటుకొనియున్న మిగిలిన ఎఱుపునకు మడ్డినీరు గాని, త్వరపడువానికి నిమ్మఉప్పు వేడినీటిలో కరగించిన ద్రావకము గాని చాలును. చింతపండుతో చెంబులు తోమిన తల్లులకు ఈ సూత్రము క్రొత్తది కాదు. నిమ్మఉప్పును ఒకటి రెండు దినములకంటె ఎక్కువ ఉంచరాదు. నడుమ నడుమ చూచుచుండవలెను.

తరువాతి గంటయే కీలకము. ద్రావకమును వంపి, వంటసోడా నీటితో ఒకమారు, మంచినీటితో ఒకమారు కడిగి, ఆలస్యము చేయక వేడిగాలితో ఆరబెట్టవలెను. ఇచ్చట టీ త్రాగివత్తమని కూర్చున్నవాని వారముల శ్రమ వ్యర్థము. ఆరిన వెంటనే ఇంజనునూనె కలిపిన కొద్ది పెట్రోలును లోపల అంతటను తిరుగునట్లు కదిపి తీయవలెను. నూనె పట్టించుటకు ముందే చీకటిగదిలో టాంకి లోపల చిన్న బాటరీదీపము నుంచి వెలుపలినుండి చూచినచో సూదిమొనంత చిల్లియు నక్షత్రమువలె కనబడును. చిల్లులున్నచో ఆ టాంకిని ఆ పనియందు అనుభవము గలవానికే అప్పగింపవలెను. రేకు జల్లెడయైనచో క్రొత్త రేకుతో అదే కొలతకు టాంకి కట్టించుటకు సందేహింపరాదు. పాతదన్న ప్రతి రేకును పూజింపవలెనను నియమము లేదు.

శుభ్రపడిన టాంకి శుభ్రముగా నిలుచుట బండి తిరుగుటను బట్టి యుండును. ఈ విషయమున మన చట్టము కొంచెము చిత్రముగా కనబడును. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు నిండిన బండ్లకు వింటేజి అను ప్రత్యేక నమోదును ఏర్పరచినది, సంఖ్యాఫలకముపై వి.ఏ. అను అక్షరములు వచ్చును. పాత బండ్లకు గౌరవము లభించినందుకు సంతసింపవలసినదే. కాని అట్లు నమోదైన బండిని నిత్యవ్యవహారమునకు రోడ్డుపై నడుపరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే నడుపవచ్చును. తుక్కుకు పోకుండ కాపాడుటకు చేసిన నియమము, సరిగా అర్థము చేసికొననివాని చేతిలో, తుప్పునకు అనుమతిపత్రమగును. హైదరాబాదు చౌమహల్లా భవనములో నిజాముగారి 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు బండి కలదు. రంగు పసుపు, నడుమ సింహాసనము వంటి ఆసనము. ఊరేగింపులకై పుట్టి, అతి తక్కువగా తిరిగిన బండి అది. దానిని కాపాడుటకు భవనము, సిబ్బంది, ధనము కలవు. అడ్తిదారుని అంబాసిడరుకు వారానికొకమారు పది మైళ్ళు నడుపు మనుమడు తప్ప వేరు సంరక్షకుడు లేడు. పట్టా కప్పి, పండుగకు తుడిచి, పెండ్లికి పూలు కట్టి ఊరేగించి, మరల సగము టాంకితో షెడ్డులో పెట్టువాడు ప్రేమతోనే దానిని చంపుచున్నాడు.

టాంకిని బిగించి, గొట్టములకు ఇథనాలును తాళు రబ్బరు వేసి, లోపల నలుసు కనబడునట్టి గాజుఫిల్టరు నొకటి కార్బ్యురేటరునకు ముందు అమర్చి, టాంకిని అంచువరకు నింపి బయలుదేరవలెను. మొదటి వందమైళ్ళలో ఫిల్టరు ఎఱ్ఱబడినచో బెదరనక్కరలేదు. మూలలలో మిగిలిన పొడి అది. విప్పి, కడిగి, మరల బిగింపవలెను. మూడవమారు పెట్రోలు పోయించునప్పటికి గాజులో రంగులేని పెట్రోలు కనబడినచో, ఇంటివారిని మరల ఎక్కించుకొని, పెర్కిట్ దాటి, సోను వద్ద గోదావరి వంతెన వరకు పోయి రావచ్చును.